సీఎఫ్‌ఏకి ఏ కాలిక్యులేటర్ కొనాలి: బీఏ టూ ప్లస్సా, ప్రొఫెషనలా, హెచ్‌పీ 12సీనా?

పెట్టుబడుల విశ్లేషణ చదివేవాళ్లు రాసే సీఎఫ్‌ఏ పరీక్ష హాల్లోకి రెండే రెండు కాలిక్యులేటర్లను రానిస్తారు. ఒకటి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల బీఏ టూ ప్లస్, దాంతోపాటు అందులోనే ఖరీదైన ప్రొఫెషనల్ రకం. రెండోది హెచ్‌పీ 12సీ, దాని ప్లాటినం, ప్రెస్టీజ్, వార్షికోత్సవ ఎడిషన్లతో సహా. ఇంజినీరింగ్ నాలుగేళ్లూ చేతిలో ఉన్న కాసియో ఎఫ్‌ఎక్స్-991 ఇక్కడ పనికిరాదు. కాసియోలోనే ఎఫ్‌సీ-200వీ అని ఒకటుంది. షాపులో "ఇది కూడా ఫైనాన్స్‌దేనండీ, అన్నీ ఉంటాయి" అంటారు. నిజంగానే ఉంటాయి, కానీ జాబితాలో ఆ పేరు లేదు కాబట్టి కొనకండి.

అంటే తేల్చుకోవాల్సింది మూడింటి మధ్యే. నా మాట ముందే చెప్పేస్తాను: కొత్తగా మొదలుపెట్టే పదిమందిలో తొమ్మిదిమందికి మామూలు బీఏ టూ ప్లస్ చాలు. ప్రొఫెషనల్ డబ్బుకి ఇబ్బంది లేనివాళ్లకి. హెచ్‌పీ 12సీ దాని లెక్కించే పద్ధతి ఇప్పటికే వచ్చినవాళ్లకి, లేదా అది నేర్చుకోవాలని మనసు పడినవాళ్లకి.

ముందు మీ పరీక్ష ఏదో చూడండి

ఒక్క సీఎఫ్‌ఏ మాత్రమే రాసేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. కానీ మన దగ్గర చాలామంది ఒక పరీక్షతో ఆగరు. సీఏ ఇంటర్ అయ్యాక సీఎఫ్‌ఏ, లేదంటే సీఎఫ్‌ఏ లెవెల్ 1 అయ్యాక రిస్క్ మేనేజ్‌మెంట్ పరీక్ష ఎఫ్‌ఆర్‌ఎం, ఇలా సాగుతుంది.

ఎఫ్‌ఆర్‌ఎం పెట్టే గార్ప్ సంస్థ జాబితా కొంచెం పెద్దది. బీఏ టూ ప్లస్, ప్రొఫెషనల్, హెచ్‌పీ 12సీతో పాటు హెచ్‌పీ 10బీ2, 10బీ2 ప్లస్, 20బీ కూడా అందులో ఉంటాయి. అమెరికా మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ పరీక్ష సీఎంఏ కూడా బీఏ టూ ప్లస్‌ను, 12సీని ఒప్పుకుంటుంది. అందుకే ఒక్కటి కొని మూడు పరీక్షలకూ వాడుకోవాలనుకుంటే 10బీ2 లాంటివాటి జోలికి పోకుండా బీఏ టూ ప్లస్ తీసుకోవడం తెలివైన పని.

సీఏ సంగతి పూర్తిగా వేరు. దాన్ని నడిపే ఐసీఏఐ పరీక్షల్లో ఆరు ఫంక్షన్లు, 12 అంకెలు, రెండు మెమరీలు దాటిన కాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. ఈ ఫైనాన్షియల్ కాలిక్యులేటర్లు ఏవీ అక్కడికి తీసుకెళ్లకూడదు. సీఏ చదివినవాళ్ల వేళ్లకు ఒక ప్రత్యేక విద్య ఉంటుంది: రూట్ బటన్ 12 సార్లు నొక్కి, 1 తీసేసి, సంవత్సరాల సంఖ్యతో భాగించి, 1 కలిపి, గుణకారం, ఈక్వల్ టు కలిపి 12 సార్లు నొక్కితే ఎన్నో మూలమైనా వచ్చేస్తుంది. చూడముచ్చటైన విద్యే. సీఎఫ్‌ఏలో దాని అవసరం ఉండదు, ఇక్కడ ఘాతానికి విడిగా బటన్ ఉంది. అయినా అలవాటు కొద్దీ పాత పద్ధతిలోనే వెళ్లేవాళ్లు ఉంటారు. లెవెల్ 1లో 180 ప్రశ్నలకు నాలుగున్నర గంటలు, అంటే ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం. రూట్ 12 సార్లు నొక్కే తీరిక ఎక్కడిది?

మామూలు ప్లస్‌కీ ప్రొఫెషనల్‌కీ తేడా ఎంత?

లోపలి లెక్క ఒకటే. వడ్డీ లెక్కల ఐదు బటన్లు (ఎన్ కాలం, ఐ/వై వడ్డీ, పీవీ ఇప్పటి విలువ, పీఎంటీ వాయిదా, ఎఫ్‌వీ చివరి విలువ) ఒకే వరసలో, ఒకే పేర్లతో ఉంటాయి. క్యాష్ ఫ్లోలు, అంటే ఏటా వచ్చిపోయే డబ్బు, నింపే పద్ధతీ ఒకటే. ప్రొఫెషనల్‌లో ఎక్కువ ఉన్నవి ఇవి: నెట్ ఫ్యూచర్ వాల్యూ, పేబ్యాక్ పీరియడ్, డిస్కౌంటెడ్ పేబ్యాక్, మాడిఫైడ్ ఐఆర్‌ఆర్ (ఐఆర్‌ఆర్ అంటే పెట్టుబడి మీద ఏటా వచ్చే రాబడి శాతం), బాండ్ లెక్కలో మాడిఫైడ్ డ్యురేషన్ (వడ్డీ రేటు మారితే బాండ్ ధర ఎంత కదులుతుందో చెప్పేది). మామూలుదాంట్లో వేర్వేరు క్యాష్ ఫ్లోలు 24 దాకా నింపొచ్చు, ప్రొఫెషనల్‌లో 32 దాకా. పరీక్షలో ఇచ్చేవి మహా అయితే ఐదారు.

ఇవన్నీ చదివాక ప్రొఫెషనల్ కొనాలనిపించడం సహజం. కానీ ఒక్కొక్కటీ విడదీసి చూడండి. పేబ్యాక్ కాగితం మీద పావు నిమిషం పని, ఏ ఏడాదిలో పెట్టుబడి తిరిగొచ్చిందో కూడుకుంటూ పోతే చాలు. నెట్ ఫ్యూచర్ వాల్యూ కావాలంటే ఎన్‌పీవీ (రాబడులన్నిటి నేటి విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది) తీసుకుని వడ్డీతో ముందుకు తీసుకెళ్లొచ్చు. మాడిఫైడ్ డ్యురేషన్ మాత్రం కొంచెం పనికొస్తుంది. అయితే దానికి బాండ్ వర్క్‌షీట్‌లో తేదీలు నింపాలి. పరీక్షలో చాలా ప్రశ్నలు తేదీలు ఇవ్వకుండా "ఐదేళ్ల బాండ్" అని మాత్రమే అడుగుతాయి.

ప్రొఫెషనల్ అసలు గొప్ప వేరే ఉంది. చేతిలో బరువుగా, నిండుగా ఉంటుంది, ముఖం లోహంతో చేసింది. బటన్ నొక్కితే నొక్కినట్టు వేలికి తెలుస్తుంది. మామూలుదాని బటన్లను కాస్త గట్టిగా నొక్కాలి, వేగంగా పోతే ఒక అంకె పడిందో లేదో తెర మీద చూసుకోవాలి. నెలల తరబడి రోజూ గంటలకొద్దీ వాడే వస్తువు కాబట్టి దీన్ని సోకు అనుకోనక్కర్లేదు. స్నేహితుల దగ్గర రెండూ దొరికితే ఒక్క సాయంత్రం పట్టుకుని చూడండి. తేడా డబ్బుకు తగ్గట్టు అనిపిస్తే ప్రొఫెషనల్ తీసుకోండి. అనిపించకపోతే ఆ మిగిలిన డబ్బుతో మాక్ పరీక్షలు కొనుక్కోవచ్చు.

హెచ్‌పీ 12సీ: ఇష్టపడేవాళ్లు ఎందుకంత ఇష్టపడతారు

ఈ యంత్రం 1981లో వచ్చింది. ఇప్పటికీ దాదాపు అదే ఆకారంలో, అడ్డంగా, నలుపూ బంగారు రంగులో అమ్ముతున్నారు. దీని మీద ఈక్వల్ టు బటన్ ఉండదు. మొదటిసారి చేతిలోకి తీసుకున్న ఎవరైనా అది ఎక్కడుందా అని వెతుకుతారు.

ఇందులో అంకెలు ముందు, చేయాల్సిన పని తర్వాత. 3, ఎంటర్, 4, ప్లస్ అని నొక్కితే 7 వస్తుంది. రివర్స్ పోలిష్ నొటేషన్ అంటారు, పోలండ్ తర్కశాస్త్రవేత్త యాన్ లుకాసియెవిచ్ ఆలోచన దీనికి మూలం. పేరు భయపెడుతుంది గానీ, "మూడుకి నాలుగు కలుపు" అని మనం మాట్లాడే వరస ఇదే. పని చెప్పే మాట చివర్లోనే కదా వచ్చేది. బ్రాకెట్లు అక్కర్లేదు. పొడవైన సూత్రాన్ని లోపలి నుంచి బయటికి విప్పుకుంటూ పోతే మధ్యలో వచ్చిన జవాబులన్నీ నాలుగు అరల్లో వాటంతట అవే పేరుకుంటాయి. అలవాటైనవాళ్ల చేతిలో ఇది చూడాలి, కళ్లు ప్రశ్న మీదే ఉంటాయి.

ఇక ఒక లెక్క రెండింట్లోనూ చేసి చూద్దాం. 30 లక్షల ఇంటి లోను, 20 ఏళ్లు, ఏటా 8.5 శాతం వడ్డీ. నెల వాయిదా ఎంత?

12సీలో 20 కొట్టి నీలం రంగు జీ బటన్, తర్వాత ఎన్ నొక్కితే 20ని 12తో గుణించి 240గా దాచుకుంటుంది. 8.5 కొట్టి జీ, ఐ నొక్కితే 12తో భాగించి నెల వడ్డీని దాచుకుంటుంది. 30 లక్షలు కొట్టి పీవీ, సున్నా కొట్టి ఎఫ్‌వీ, ఆపైన పీఎంటీ. జవాబు మైనస్ 26,034.70.

బీఏ టూ ప్లస్‌లో రెండు దారులు. పీ/వై (ఏడాదికి ఎన్ని వాయిదాలు) అనే సెట్టింగ్‌ను 1గానే ఉంచి, 240 ఎన్, 8.5ని 12తో భాగించి ఐ/వై, 30 లక్షలు పీవీ, సున్నా ఎఫ్‌వీ, జవాబు తేల్చమనే సీపీటీ, పీఎంటీ. లేదా పీ/వైని 12కి మార్చి, 8.5ని ఉన్నదున్నట్టు కొట్టడం. జవాబు అదే, కానీ రెండో దారిలో ఒక ముప్పు పొంచి ఉంది. లెక్క అయ్యాక పీ/వైని తిరిగి 1కి మార్చడం మర్చిపోతే? తర్వాతి ప్రశ్న: లక్ష రూపాయలు, 10 శాతం, ఐదేళ్లు, ఏడాదికోసారి చక్రవడ్డీ. రావాల్సింది 1,61,051. యంత్రం చూపించేది 1,04,237. ఐదేళ్లను అది ఐదు నెలలు అనుకుంటుంది. ఇలాంటి పొరపాటు జవాబు ఏ, బీ, సీ ఆప్షన్లలో ఒకటిగా కూర్చుని ఉంటే అనుమానం కూడా రాదు. 12సీలో ఈ సెట్టింగే లేదు, కాబట్టి ఈ బాధా లేదు. దాని మీద నాకున్న గౌరవంలో సగం ఈ ఒక్క కారణంతోనే.

మరి ఎందుకు అందరికీ 12సీ కొనమనను? మొదటి కారణం, దానికీ సొంత పేచీలున్నాయి. 10 శాతం వడ్డీకి డబ్బు రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు అని అడిగితే బీఏ టూ ప్లస్ 7.27 అంటుంది. 12సీ 8 అంటుంది. కాలాన్ని పై పూర్ణాంకానికి సవరించి చూపడం దాని స్వభావం, తెలియకపోతే ఆ ప్రశ్న పోయినట్టే. స్టాండర్డ్ డీవియేషన్ కూడా శాంపిల్‌ది మాత్రమే నేరుగా ఇస్తుంది, బీఏ టూ ప్లస్ శాంపిల్‌దీ పాపులేషన్‌దీ రెండూ ఇస్తుంది. కాంబినేషన్లు, పర్ముటేషన్లు బీఏ టూ ప్లస్‌లో బటన్ల మీదే ఉంటాయి, 12సీలో ఫ్యాక్టోరియల్‌తో కట్టుకోవాలి. అసలు 12సీలో తప్పు అంకె పడితే ఒక్క అంకె వెనక్కి చెరిపే వీలు లేదు, మొత్తం తుడిచి మళ్లీ కొట్టాలి. ప్లాటినంలో ఆ వీలుంది, పైగా అందులో మామూలు పద్ధతికి కూడా మార్చుకోవచ్చు. అయితే మామూలు పద్ధతికి మార్చుకుని వాడేందుకే అయితే అంత డబ్బు పోసి 12సీ ఎందుకన్నది నా ప్రశ్న.

రెండో కారణం ఇంకా ముఖ్యం. కోచింగ్ క్లాసుల్లో, వీడియోల్లో, స్టడీ గ్రూపుల్లో చెప్పే బటన్ల వరస దాదాపు అన్నిచోట్లా బీఏ టూ ప్లస్‌దే. రాత్రి పదకొండింటికి ఒక బాండ్ లెక్క తేలకపోతే, పక్క గది కుర్రాడి దగ్గర ఉండేదీ అదే. 12సీ కొన్నవాళ్లు ప్రతి వరసనీ తమ యంత్రానికి మార్చుకుంటూ చదవాలి. ఏళ్ల తరబడి బ్యాంకులో, రియల్ ఎస్టేట్‌లో 12సీ వాడినవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. డిగ్రీ పూర్తి చేసి మొదటిసారి క్యాష్ ఫ్లో అనే మాట వింటున్నవాళ్లకు ఇది పెద్ద బరువే.

క్యాష్ ఫ్లో లెక్కల్లో గెలుపెవరిది? నన్నడిగితే బీఏ టూ ప్లస్‌దే. పది లక్షలు పెట్టుబడి, వరసగా మూడేళ్లు 3, 4, 5 లక్షలు రాబడి, డిస్కౌంట్ రేటు 10 శాతం అనుకోండి. ఎన్‌పీవీ మైనస్ 21,037 దగ్గర, ఐఆర్‌ఆర్ 8.9 శాతం. రెండు యంత్రాలూ ఇదే చెబుతాయి. కానీ బీఏ టూ ప్లస్‌లో నింపినవన్నీ సీఎఫ్0, సీ01, సీ02 అని పేర్లతో తెర మీద కనిపిస్తాయి, బాణం బటన్లతో కిందికీ పైకీ వెళ్లి సరిచూసుకోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ప్రతి రాబడి తర్వాత ఎఫ్01 అంటూ "ఇది ఎన్నిసార్లు వస్తుంది" అని అడుగుతుంది. అక్కడ 1 ఉంటే బాణం నొక్కి దాటేయాలి. తొందర్లో అక్కడే 4 లక్షలు కొట్టేవాళ్లని చూశాను.

కొన్న రోజే మార్చాల్సినవి

బీఏ టూ ప్లస్ పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే ఇబ్బందే. తెర మీద రెండు దశాంశాలే చూపిస్తుంది. లోపల పూర్తి అంకె ఉంటుంది గానీ, 0.7083 అనే నెల వడ్డీ మీకు 0.71గా కనిపిస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకుని మళ్లీ కొడితే జవాబు పక్కకు పోతుంది. సెకండ్, ఫార్మాట్, 9, ఎంటర్ నొక్కితే ఉన్న దశాంశాలన్నీ చూపిస్తుంది. అదే చోట కింది బాణం నాలుగుసార్లు నొక్కితే చైన్ అనే పద్ధతి కనిపిస్తుంది. అందులో 2 ప్లస్ 3 ఇంటూ 4 కొడితే 20 అంటుంది, ఎందుకంటే వచ్చింది వచ్చినట్టు చేసుకుపోతుంది. బడిలో నేర్పిన 14 కావాలంటే సెకండ్, సెట్ నొక్కి ఏఓఎస్‌కు మార్చాలి. నేను మార్చమనే చెబుతాను. చైన్‌కే అలవాటుపడి మొత్తం పరీక్ష రాసినవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు తగవు లేదు. ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండాలి, అంతే.

పీ/వై 1గా ఉందో లేదో చూసుకోండి, కొన్ని పాత యంత్రాలు 12తో వస్తాయి. అద్దె, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటి ముందే కట్టే వాయిదాల లెక్కకు బీజీఎన్ పెట్టాల్సి వస్తుంది, అది ఆన్‌లో ఉంటే తెర మీద చిన్నగా కనిపిస్తుంది. లెక్క అవగానే తీసేయండి. తేదీల దగ్గర మనవాళ్లు తప్పకుండా తడబడతారు: యంత్రం అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అనుకుంటుంది. మనకు 5.04 అంటే ఏప్రిల్ 5, దానికి మే 4. ఫార్మాట్‌లోనే దీన్ని కూడా మార్చుకోవచ్చు. కామాలూ అంతే, 30,00,000 అని కాకుండా 3,000,000 అని వేస్తుంది. లక్షల్లో ఆలోచించే కంటికి ఒక సున్నా ఎక్కువైనా, తక్కువైనా చప్పున పట్టదు. ఇంట్లో చేసే లెక్కలు కూడా కొన్నాళ్లు మిలియన్లలోనే చేయండి.

ఇక మైనస్ గుర్తు. చేతి నుంచి పోయే డబ్బు మైనస్, చేతికి వచ్చేది ప్లస్. పెట్టుబడినీ రాబడినీ ఒకే గుర్తుతో కొట్టి వడ్డీ శాతం అడిగితే రెండు కంపెనీల యంత్రాలూ ఎర్రర్ 5 అనే అంటాయి. యంత్రం చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు.

కొనేటప్పుడు

ధరల్లో మామూలు ప్లస్ అన్నింటికంటే చవక, మిగతా రెండూ దానికంటే బాగా ఎక్కువ. ఎంత ఎక్కువ అన్నది అమ్మేవాళ్లను బట్టి, నెలను బట్టి మారుతూ ఉంటుంది, కాబట్టి రెండు మూడు చోట్ల చూడండి. బిల్లు, వారంటీ ఇవ్వని చోట మాత్రం వద్దు. సెకండ్ హ్యాండ్ కొనడంలో తప్పేమీ లేదు. పరీక్షలు పాసైనవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు హైదరాబాద్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు. చేతికి తీసుకున్నాక పైన చెప్పిన ఇంటి లోను లెక్క ఒకసారి చేయించండి. 0 నుంచి 9 దాకా ప్రతి బటన్ ఒక్క నొక్కుకే పడుతోందా, తెర మీద అంకెల్లో గీతలు ఎగిరిపోయాయా చూడండి. ముఖ్యంగా ఎంటర్, సీపీటీ, బాణం బటన్లు చూడండి. ఎక్కువ అరిగేవి అవే.

ఫోన్లో ఈ రెండింటికీ యాప్‌లున్నాయి. బస్సులో, మెట్రోలో ఒక లెక్క చేసి చూసుకోవడానికి పర్వాలేదు. కానీ హాల్లో ఫోన్ ఉండదు. అద్దం మీద వేలు ఆడించడం వేరు, బటన్ నొక్కడం వేరు. యాప్ మీదే సాధన చేసి, చివరి నెలలో అసలు యంత్రం కొంటామనేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. సిలబస్ తెరిచిన మొదటి వారంలోనే కొనేయండి. ఒకసారి కొన్నాక పరీక్షకు నెల ముందు ఎవరో 12సీ బాగుందన్నారని మారడం కూడా వద్దు.

బ్యాటరీ సంగతి: బీఏ టూ ప్లస్‌లో సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ ఒకటి వేస్తారు, వాచీల షాపులోనూ దొరుకుతుంది. తెర మసకబారే దాకా ఆగకుండా పరీక్షకు వారం ముందు కొత్తది వేయించండి. వేయించాక సెట్టింగులు ఒకసారి చూసుకోండి. బ్యాటరీ తీయగానే దాచుకున్నవన్నీ పోయి, దశాంశాలు మళ్లీ రెండుకి, ఏఓఎస్ మళ్లీ చైన్‌కి వెళ్లిపోతాయి.